కొట్లో పగిలింది లెక్కలోకి రాదు

సూయున్ చేతిలో వస్తువు నిలవదని తైనాన్‌లో ఆ సందులో అందరూ ఎరుగుదురు. ఆమె మొగుడు తెంగ్‌ఫా చూపు ఒకవైపు, నడక ఒకవైపు అని కూడా ఎరుగుదురు. అలాంటి ఇద్దరినీ ముడిపెట్టి, చేతికి రెండు వందల పింగాణీ గిన్నెలిచ్చి, పాలబొంత చేపల జావ అమ్ముకుని బతకమన్న దేవుడెవరో గానీ ఆయనకి వేళాకోళం ఎక్కువ. ముప్ఫై మూడేళ్ళుగా వాళ్ళు అదే కొట్లో పొద్దున ఐదు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా జావ పోస్తూనే ఉన్నారు, గిన్నెలు పగలగొడుతూనే ఉన్నారు.

పగిలినందుకు ఒకరి మీద ఒకరు అరుచుకోవడం మాత్రం ఎవరూ వినలేదు. ముందు గిన్నె పడ్డ చప్పుడు, వెంటనే రెండు గొంతుల నవ్వు. అంతే. జావ ఆ సందులో ఇంకో రెండు చోట్ల కూడా బాగానే ఉంటుంది. జనం ఇక్కడికే రావడానికి కారణం ఈ మొగుడూపెళ్ళాలు చెప్పే కబుర్లు.

వాటిలో అందరూ మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది స్కూటర్ కథ. ఒకరోజు తెల్లవారుజామున ఇద్దరూ చేపల మార్కెట్‌కి బయల్దేరారు. పెట్రోలు బంకు దగ్గర సూయున్ దిగింది. పెట్రోలు పోయించుకుని తెంగ్‌ఫా వెళ్ళిపోయాడు. వెనకాల పెళ్ళాం ఉందనే అనుకుని మార్కెట్ దాకా ఆమె తమ్ముడి బద్ధకం గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. మార్కెట్ గేటు దగ్గర “ఏం, పలకవేం, కోపమొచ్చిందా?” అని వెనక్కి తిరిగితే సీటు ఖాళీ. గుండె జారిపోయి వెనక్కొచ్చేసరికి సూయున్ హెల్మెట్ పెట్టుకుని బంకు ముందే నిలబడి ఉంది. ఒక్క మాట తిట్టకుండా ఎక్కి కూర్చుని, “మా తమ్ముడి సంగతి ఎంతదాకా వచ్చింది?” అని అడిగింది.

సూయున్ చేసినవీ తక్కువేం కాదు. ఒకసారి ఇంటికి పట్టుకెళ్ళే జావ అడిగిన మనిషికి పొరపాటున కుక్కల కోసం కట్టిన చేప ముళ్ళ పొట్లం ఇచ్చి పంపింది. జావేమో కుక్కలు తాగాయి. ఆ మనిషి మర్నాడు వచ్చి కూర్చుని, “నిన్న బాగానే ఉంది గానీ ముళ్ళు కాస్త ఎక్కువయ్యాయమ్మా” అన్నాడు. ఆయన టాక్సీ నడిపే శ్యే. ఇప్పటికీ రోజూ వస్తాడు, వచ్చిన కొత్త మనిషికల్లా ఆ కథ తనే చెబుతాడు.

ఆ ఇంట్లో నవ్వని మనిషి ఒక్కతే. సూయున్ అత్తగారు. ఎనభై ఆరేళ్ళది. కింద కొట్టు, పైన ఇల్లు. మధ్య మెట్ల మొదట్లో పీట వేసుకుని కూర్చుని వెల్లుల్లి ఒలుస్తుంది. గిన్నె పగిలి కొడుకూ కోడలూ నవ్వుతుంటే తలెత్తి చూస్తుంది, మళ్ళీ వెల్లుల్లి మీదికి తల దించుతుంది. ఆ చూపులో ఏముందో సూయున్‌కి ముప్ఫై మూడేళ్ళలో అంతు చిక్కలేదు.

ఇలా ఉండగా, చలికాలం మొదట్లో కొడుకు మింగ్‌రుయ్ పెళ్ళి మాట తెచ్చాడు. వాడు కావోషుంగ్‌లో కళ్ళజోళ్ళ కొట్లో పని చేస్తాడు. జియాలిన్ అనే పిల్ల కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చిందట, ఆరు నెలల్లో నాలుగుసార్లు అద్దాలు మార్పించుకుందట. కళ్ళు అంత త్వరగా ఎవరికీ పాడవ్వవు కదా. ఆ మాట విని సూయున్, తెంగ్‌ఫా ఒక పూటంతా నవ్వారు. పిల్ల నచ్చింది. పిల్ల తల్లిదండ్రులూ నచ్చారు. ఇంకేముంది అనుకుంటుంటే అత్తగారు నోరు విప్పింది.

“కాగితం తెప్పించండి. మూడు రోజులు పెడదాం.”

పిల్ల పుట్టిన ఏడాది, నెల, రోజు, గడియ ఎర్ర కాగితం మీద రాయించి, అబ్బాయి ఇంట్లో పోయిన పెద్దల పీఠం మీద ధూపం పాత్ర కింద మూడు రోజులు ఉంచుతారు. ఆ మూడు రోజులూ ఇంట్లో ఏదీ పగలకూడదు, ఎవరికీ జబ్బు చెయ్యకూడదు, గొడవ పడకూడదు. అలా గడిస్తే పెద్దలు ఒప్పుకున్నట్టు. చిన్న కప్పు పగిలినా కాగితం వెనక్కి పంపేస్తారు. ఇప్పుడు అందరూ దాన్ని వదిలేశారు. అత్తగారు వదల్లేదు.

ఆమె ఊరికే అనలేదని సూయున్‌కి తెలుసు. తెంగ్‌ఫాకి ఒక అన్నగారున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట ఆయనకి మాదౌ నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆ పిల్లంటే ఆయనకి ప్రాణం. మూడో రోజున పెరట్లో నీళ్ళ గోలెం పగిలింది. అత్తగారు ఆ సాయంత్రమే కాగితం తిప్పి పంపింది. బావగారు ఎవరినీ ఏమీ అనలేదు. తర్వాత ఏ సంబంధం చెప్పినా వద్దన్నాడు. కొన్నాళ్ళకి తైతుంగ్ వెళ్ళిపోయి కొండ వాలులో సీతాఫలం తోట పెట్టుకుని ఒంటరిగా ఉండిపోయాడు. ఏటా ఒక పెట్టె సీతాఫలాలు పంపిస్తాడు. అత్తగారు ఒక్కటి కూడా తినదు, అన్నీ పీఠం మీద పెట్టి తర్వాత పంచేస్తుంది.

మింగ్‌రుయ్‌కీ ఈ కథ తెలుసు. ఫోన్‌లో తల్లికి నెమ్మదిగానే చెప్పాడు.

“నాయనమ్మ కాదన్నా పెళ్ళి ఆగదమ్మా. రిజిస్టర్ ఆఫీసులో సంతకం పెడితే అయిపోతుంది. కానీ ఆవిడ మొహం తిప్పుకునే ఇంటికి జియాలిన్‌ని తీసుకురాను. కొత్త సంవత్సరానికి కూడా రాము. ముందే చెబుతున్నాను.”

“అలా అనకురా.”

“మరి మీరిద్దరూ మూడు రోజులు ఏదీ పగలగొట్టకుండా ఉండగలరా? నిజం చెప్పు.”

సూయున్ నిజం చెప్పలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు. తోడికోడలి స్థానం ముప్ఫై మూడేళ్ళుగా ఖాళీగా ఉన్న ఇల్లది. ఇప్పుడు కొడుకు చోటు కూడా ఖాళీ అయితే భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఎవరితో నవ్వాలి అనుకుంది.

గురువారం సాయంత్రం పిల్ల తల్లి కాగితం తెచ్చి ఇచ్చింది. అత్తగారు దాన్ని రెండు చేతులా అందుకుని, పైన పీఠం మీద, పోయిన మామగారి ఫోటో ముందున్న ధూపం పాత్ర కింద పెట్టి, మూడు చిన్న కప్పుల్లో టీ పోసి దణ్ణం పెట్టింది. ఆదివారం సాయంత్రం ఐదింటికి తీస్తానంది. ఆరింటికి పిల్ల తల్లి ఫోన్ చేసి కనుక్కుంటానంది.

“అత్తయ్యా, కొట్లో పగిలితే?” అంది సూయున్. ఆమె భయమంతా దాని గురించే. రెండు రోజులకొక గిన్నె గ్యారంటీ.

“కొట్లో పగిలింది లెక్కలోకి రాదు. అది వ్యాపారం. మెట్లెక్కితే ఇల్లు. ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది.”

ఎవరు తేల్చారో అడగబోయి సూయున్ ఊరుకుంది. వచ్చిన వెసులుబాటుని ఎవరు పోగొట్టుకుంటారు.

మొగుడూ పెళ్ళాం ఆ రాత్రే ఒక నిర్ణయానికి వచ్చారు. పగిలేదేదో కిందే పగలాలి. అంచేత సంసారం మొత్తం కిందికి దింపేశారు. శుక్రవారం పొద్దున జావ తాగడానికి వచ్చినవాళ్ళకి, పొయ్యి పక్కన అద్దం తగిలించుకుని గెడ్డం గీసుకుంటున్న తెంగ్‌ఫా కనిపించాడు. మూల బల్ల మీద వాళ్ళ దిండ్లు, ఉతికిన బట్టలు, మందుల డబ్బా.

శ్యే కుర్చీ లాక్కుని కూర్చుంటూ, “ఏంటయ్యా, ఇంట్లోంచి గెంటేసిందా?” అని అడిగాడు.

“పైన ఏదీ పగలకూడదు.”

“ఏది?”

“ఏదైనా. నోరు కూడా.”

విషయం విన్నాక శ్యే గిన్నె రెండు చేతులా పట్టుకుని జావ తాగాడు. లెక్కలోకి రాదని చెప్పినా వినలేదు. పాపం, ఆ మూడు రోజులూ బేరానికొచ్చిన వాళ్ళందరూ అలాగే తాగారు. విచిత్రం ఏమిటంటే ఆ శుక్రవారం కొట్లో ఒక్క గిన్నె కూడా పగల్లేదు.

గొడవలకీ కిందే చోటు చూసుకున్నారు. శనివారం తెంగ్‌ఫా మేజోళ్ళతో మెట్లు ఎక్కుతున్నాడు. జారితే ఇంకేమైనా ఉందా. సూయున్ పళ్ళు బిగబట్టి, చొక్కా పట్టుకుని కొట్లోకి లాక్కొచ్చి, పొయ్యి వెనకాల నిలబెట్టి దులిపేసింది.

“మేజోళ్ళు విప్పమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? జారి పడి కాలు విరిగితే అది పగిలినట్టే కదా.”

“కాలు నాది. ఇంటిది కాదు.”

“నీ కాలు ఇంట్లో ఉంటే ఇంటిదే.”

బల్ల దగ్గరున్న ముసలాయన ఒకాయన జావ ఆపి, “అయిందా అమ్మా?” అని అడిగాడు.

“అయింది” అని సూయున్ ఏప్రన్‌తో చెయ్యి తుడుచుకుని పైకి వెళ్ళింది.

అదే మధ్యాహ్నం ఒక గండం తప్పింది. పీఠం పక్క బల్ల తుడుస్తుంటే సూయున్ మోచెయ్యి తగిలి పూల కూజా ఒరిగిపోయింది. తెంగ్‌ఫా ఎక్కణ్ణుంచి వచ్చాడో వచ్చి దాన్ని పొట్టకేసి హత్తుకున్నాడు. నీళ్ళన్నీ ఆయన పంట్లాం మీద పడ్డాయి, కూజా బతికింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పంట్లాం చూసి సూయున్‌కి నవ్వు పొంగుకొచ్చింది. వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది.

“నోళ్ళు మూసుకోండి. ఈ ఇంట్లో ముందు నవ్వొస్తుంది, వెనకాల పగులుతుంది. నేను చూస్తూనే ఉన్నాను.”

నవ్వు మింగేశారు.

ఆ సాయంత్రం ముగ్గురూ పైనే భోజనానికి కూర్చున్నారు. పీఠం మీద కాగితం ఉన్నప్పుడు కనీసం ఒక పూటైనా ఇంట్లో తినకపోతే పెద్దలు నొచ్చుకుంటారని అత్తగారు పట్టుబట్టింది. స్టీలు గిన్నెల్లో తిన్నారు. చాప్‌స్టిక్‌ల చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. సూయున్‌కి ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది. ముప్ఫై మూడేళ్ళలో ఎదురెదురుగా కూర్చుని నవ్వకుండా తిన్న మొదటి అన్నం అదేనని తోచింది. చాలా ఇళ్ళల్లో రోజూ ఇలాగే తింటారా అని భయమేసింది. తెంగ్‌ఫా ముళ్ళు ఏరిన చేపముక్క ఒకటి ఆమె గిన్నెలో పెట్టాడు, తల ఎత్తకుండానే. ఇంకొక్క రోజు అనుకుంది.

ఆదివారం గిరాకీ ఎక్కువ. పన్నెండున్నరకి కొట్టు కట్టేసి కింద శుభ్రం చేసుకుంటూ కూర్చున్నారు. మూడయింది. నాలుగున్నరయింది. పైన అత్తగారొక్కతే ఉంది. తెంగ్‌ఫా గోడ గడియారం వైపు చూసి, “అరగంట. ఎవరూ పైకి వెళ్ళకుండా ఉంటే చాలు” అన్నాడు.

ఆ మాట పూర్తి కాకముందే పైన టప్‌మని చప్పుడయింది. పింగాణీ పగిలిన చప్పుడు. దాన్ని ఆ కొట్లో గుర్తుపట్టలేని మనిషి లేడు.

ఇద్దరూ మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ పరిగెత్తారు. పీఠం ముందు అత్తగారు నిలబడి ఉంది. ఆఖరి పూట టీ మార్చబోయినట్టుంది, చేతిలో కెటిల్ అలాగే ఉంది. పీఠం మీది మూడు కప్పుల్లో ఒకటి నేల మీద మూడు ముక్కలైంది. ఎర్ర కాగితం అంచు తడిసింది.

నేనే పగలగొట్టానని చెప్పేద్దామనుకుంది సూయున్. కానీ ఎవరు పగలగొట్టారన్నది ఎవరికి కావాలి, పగలడమే కదా లెక్క. కొడుకు గొంతు చెవిలో వినిపించింది. కొత్త సంవత్సరానికి కూడా రాము.

అప్పుడు తెంగ్‌ఫా వంగి, ముక్కల వైపు చూసి, తల్లి వైపు చూసి చాలా మర్యాదగా అన్నాడు.

“అమ్మా, ఈ ముక్కలు కిందికి పట్టుకెళ్ళి పడేస్తాను. కొట్లో పగిలిందనుకుందాం.”

మూడు రోజులు మింగిన నవ్వంతా సూయున్‌కి అప్పుడొచ్చింది. ఆపుకోలేకపోయింది. మెట్టు మీద కూలబడి, ఏప్రన్ అంచు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. నవ్వుతూనే ఉంది, లోపల ఏడుస్తూనే ఉంది. తెంగ్‌ఫా కూడా గోడకి ఆనుకుని నవ్వాడు. అత్తగారు ఇద్దరినీ చూస్తూ నిలబడింది.

“ఆ రోజు కూడా వీడు ఇదే చేశాడు” అంది.

నవ్వు ఆగింది.

“నీ కాగితం పీఠం మీద ఉన్న రెండో రోజు. ఇక్కడే, ఈ గుమ్మం దగ్గర. పండగలకి వాడే పెద్ద పులుసు గిన్నె పడేశాడు. గప్‌చుప్‌గా ముక్కలన్నీ ఏరుకుని, చొక్కాలో మూటగట్టి కిందికి పట్టుకెళ్ళి, కొట్లో పగిలిందమ్మా అని చెప్పాడు. నేను ఆ తలుపు వెనకాలే ఉన్నాను.”

తెంగ్‌ఫా మొహం పాలిపోయింది. అరవయ్యేళ్ళ మనిషి, పదేళ్ళ పిల్లాడిలా నిలబడ్డాడు.

“నువ్వు చూశావా?”

“చూశాను. కొట్లో పగిలింది లెక్కలోకి రాదని అప్పుడే చెప్పాను.”

“ఎందుకత్తయ్యా?” అంది సూయున్.

అత్తగారు కెటిల్ కింద పెట్టి, పీఠం మీద మామగారి ఫోటో వైపు చూసింది.

“పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నువ్వు నా ఒళ్ళో టీ ఒలకబోశావు. నేను నోరు తెరిచేలోపు నవ్వేశావు. మీ అమ్మ కూడా నవ్వింది. ఎవరూ నిన్ను కొట్టలేదు. మా ఇంట్లో అప్పటిదాకా ఏం పగిలినా తన్నులే, నాకైనా పిల్లలకైనా. ఈయన సంగతి నీకు తెలీదు, నువ్వొచ్చేసరికి మంచాన పడ్డాడు. ఈ ఇంటికి ఇలాంటి పిల్ల కావాలనుకున్నాను. గిన్నెదేముంది.”

ముప్ఫై మూడేళ్ళు సూయున్ ఆ చూపుని విసుగనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. ఊరుకోవాల్సింది. కానీ నోరు ఆగలేదు.

“మరి బావగారి గోలెం?”

ముసలామె తడిసిన ఎర్ర కాగితం అంచుని వేలితో అద్దింది.

“అంతకుముందు ఏడాది తుఫానుకే అది బీట వారింది. సున్నం పూసి వాడుతున్నాం. ఆ పిల్ల తల్లికి నోరెక్కువ. ఆవిడతో వియ్యం నాకు ఇష్టం లేదు. ఆ రోజు పొద్దున సున్నం ఊడదీసింది నేనే.”

కింద వీధిలో ఎవరిదో స్కూటర్ ఆగిన చప్పుడు, మళ్ళీ వెళ్ళిపోయిన చప్పుడు.

ఫోన్ మోగింది. ఆరు ఇంకా కాలేదు, పిల్ల తల్లి ఆగలేకపోయినట్టుంది. అత్తగారికి వినికిడి తక్కువ కాబట్టి ఆ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది. ఆమే తీసింది.

“ఒక కప్పు పగిలిందమ్మా. నా చేతిలోనే పగిలింది. ముసలి చెయ్యి, వణుకుతుంది. మా వైపు నుంచి సరేనంటున్నాం. మీకు పట్టింపు ఉంటే చెప్పండి.”

సూయున్ గుప్పిళ్ళు బిగించింది.

“పెద్దవారు, మీరే సరేనంటే ఇంక నాకేం పట్టింపు?” అంది పిల్ల తల్లి. “మంచి రోజు చూడమంటారా?”

“చూడండి.”

ఫోన్ పెట్టి అత్తగారు కుర్చీలో కూర్చుంది. సూయున్‌కి కొడుకుతో చెప్పాలని చేతులు ఆరాటపడ్డాయి. కానీ అత్తగారు ఫోన్ వదల్లేదు.

“పెద్దోడి నంబర్ నొక్కు.”

తెంగ్‌ఫా నొక్కాడు. నాలుగుసార్లు మోగాక తైతుంగ్ నుంచి గొంతు పలికింది. వెనకాల గాలి చప్పుడు వినిపిస్తోంది, ఇంకా తోటలోనే ఉన్నట్టున్నాడు.

“ఏంటమ్మా, ఈ వేళప్పుడు? ఒంట్లో బాగుందా?”

“బాగుంది. పిల్లోడి కాగితం మూడు రోజులు అయిపోయాయి.”

“ఏమైనా పగిలిందా?”

“కప్పు పగిలింది. అయినా సరేనన్నాను.”

అత్తగారు ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

“పెద్దోడా. ఆ గోలెం ఆ రోజు పగిలింది కాదురా. అంతకుముందే బీటలిచ్చింది.”

“తెలుసమ్మా” అన్నాడాయన. గొంతులో కోపం లేదు, మరేమీ లేదు. “రోజూ అందులో నీళ్ళు పోసింది నేనే కదా.”

“తెలిసి ఎందుకు ఊరుకున్నావు?”

“నీకు ఇష్టం లేదని అర్థమైంది. ఇంక గోలెం గురించి మాట్లాడి ఏం లాభం? పెళ్ళెప్పుడో చెప్పు. కాయలు కోసుకుని నేనే వస్తాను. ఈసారి బాగా కాశాయి. నువ్వు కూడా తిను” అన్నాడు.

ఆమె తింటానంది. ఫోన్ ఆగాక కూడా దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఆమె భుజాలు కదలడం చూసి తెంగ్‌ఫా వెళ్ళి పక్కన కింద కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ సీతాఫలం ఎందుకు ముట్టలేదో ఇప్పుడు ఎవరూ అడగలేదు.

సూయున్ చీపురు తెచ్చి, కప్పు ముక్కలు చేటలోకి ఎత్తి, అలవాటు కొద్దీ మెట్ల వైపు నడిచింది.

“ఎక్కడికి?” అంది అత్తగారు.

“కిందికి అత్తయ్యా. కొట్లో బుట్టలో వేస్తాను.”

“ఇక్కడి బుట్టలోనే వెయ్యి. ఇంట్లోనే పగిలింది.”

సూయున్ వెనక్కి తిరిగి, వంటగది పక్కనున్న ఇంటి బుట్టలో ఆ ముక్కలు వేసింది.